ఖాళీ ఎలా గుచ్చుతుంది?

మా మామగారికి ఇనుము లోపల ఏముందో కనిపించిన రోజు నేను షాపులో ఒక హోటలువాళ్ళ పరుపు విప్పుకుని కూర్చున్నాను. నా పని స్ప్రింగు పరుపులు బాగుచేయటం. జనం వాటి మీద గెంతుతారు, టీ ఒలకబోస్తారు, సిగరెట్లు ఆర్పుతారు, ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చి "ఊరికే కిర్రుమంటోందండీ" అంటారు. ఊరికే ఏదీ కిర్రుమనదు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆయన పిడికిట్లో ఒక మేకు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. జుట్టు రేగిపోయి ఉంది. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు.

"అల్లుడూ, చూశానయ్యా" అన్నాడు.

"ఏం చూశారు?"

"ఇనుముని. లోపల్నించి."

కొంప మునిగిందని నాకు అప్పుడే అర్థమైంది.

లోచూపు సంఘం గురించి ముందు చెప్పాలి. మా వీధి చివర ఒక మేడ ఉంది. కింద మందుల షాపు, పైన పళ్ళ డాక్టరు క్లినిక్కు. ఆదివారం సాయంత్రం పేషెంట్లు రారు కాబట్టి అక్కడ సంఘం కూడుతుంది. పదార్థం లోపల ఏముందో తెలుసుకోవటానికి యంత్రాలూ ప్రయోగశాలలూ అక్కర్లేదని వాళ్ళ వాదన. ఆ పదార్థాన్ని పిడికిట్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెల్లకిలా పడుకుంటే చాలట. ముందు వెన్నులో ఒక పోటు పుడుతుంది. దాన్ని వెన్ను మేలుకోవటం అంటారు. ఆపైన చూపు లోపలికి తిరిగి అణువు కనిపిస్తుంది. పడుకోవటానికి పళ్ళ డాక్టరు కుర్చీ ఎలాగూ ఉంది, మీట నొక్కితే వెనక్కి వాలుతుంది.

అణువుని చూసినవాళ్ళు ద్రష్టలు. సంఘంలో ద్రష్టలకి నాలుగు చోట్లున్నాయి. పళ్ళ డాక్టరే అధ్యక్షుడు. ఆయన చూసిన గంధకం అణువుకి మూడు వేర్లున్నాయి, పైన కొంచెం పుచ్చింది. దర్జీకి రాగి అణువు గుండ్రంగా, మధ్యలో నాలుగు చిల్లులతో కనిపించింది. మందుల షాపావిడకి ఉప్పు కోలగా, సగం ఎరుపూ సగం తెలుపూగా కనిపించింది. మింగటానికి వీలుగా కూడా ఉందని ఆవిడ చెప్పింది. ఒకరి అణువుని ఒకరు చచ్చినా ఒప్పుకోరు. అయినా "తమరి దర్శనం", "తమరి దర్శనం" అనుకుంటూ మర్యాదకి లోటు రానివ్వరు. నాలుగో ద్రష్టగా ఉండిన బ్యాండుమేష్టారు, లోకంలో ఉన్నవన్నీ బాకాలేనని తేల్చేసి, ఊరు మారిపోయాడు. ఆ చోటు ఖాళీగా ఉంది.

మా మామగారి ప్రాణమంతా ఆ ఖాళీ మీదే. ఆయన తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా కొట్టుకొట్టుకీ తిరిగి రాళ్ళకి ముద్రలు వేశాడు. "ప్రతి వస్తువునీ తూచానయ్యా. ఒక్కదాన్నీ చూళ్ళేదు" అనేవాడు. పదార్థం బరువు తెలిసి, పదార్థం తెలియకుండా పోవటం ఆయనకి పెద్ద అవమానంలా ఉండేది. సంఘం నియమం ప్రకారం ఒక మనిషికి రెండే పరీక్షలు. మొదటిసారి ఆయన పళ్ళ కుర్చీలో పిడికెడు ఉప్పు పట్టుకుని పడుకుని, హాయిగా గుర్రు పెట్టాడు. లేపి ఏం కనిపించిందని అడిగితే, "మళ్ళీ పడుకుంటే చెప్తాను" అన్నాడట. ఇక మిగిలింది ఒక్క పరీక్షే.

మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఈ పిచ్చికి కాస్త పగ్గం ఉండేది. ఆవిడ గట్టిగా ఏమీ అనేది కాదు, నవ్వేది అంతే. నాకు పెళ్ళైన కొత్తలో వాళ్ళింటికి వెళితే, నా వృత్తి సంగతి తెలుసు కాబట్టి, ఆవిడ మొహమాటపడుతూ అడిగింది. "బాబూ, మా మంచం మీద పరుపు ఒకసారి చూస్తావా? ఇదిగో, ఇక్కడ, నడుం కింద, ఎడమపక్క. ఏదో గుచ్చుతోంది" అంది. నేను పట్టకారు కూడా తీశాను. మామగారు అడ్డం వచ్చాడు.

"అదంతా దాని భ్రమ అల్లుడూ. పదార్థం అంటే ఏమనుకున్నావు? అంతా ఖాళీ. అణువుకీ అణువుకీ మధ్య ఖాళీ, అణువు లోపలా ఖాళీ. ఖాళీ ఎలా గుచ్చుతుందయ్యా?"

కొత్తల్లుణ్ణి, పట్టకారు మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. అత్తగారు నవ్వేసి, "పోన్లే బాబూ, ఆయనకి గుచ్చటం లేదుగా" అని కాఫీ తేవటానికి వెళ్ళింది. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు.

ఆవిడ పోయాక మామగారు మా ఇంటికి వచ్చాడు. వెంట వచ్చింది ఒక పెట్టె, ఒక త్రాసు, ఆ పాత పరుపు. పరుపులవాడి ఇంట్లో పరుపులకి కరువా? కొత్తది వేస్తానంటే కళ్ళెర్ర చేశాడు. అయితే ఆయన బాధ నేను ఎగతాళి చెయ్యను. కంచం ముందు కూర్చునేవాడు, కలిపేవాడు, లేచిపోయేవాడు. చొక్కాలు వేలాడటం మొదలెట్టాయి. మా ఆవిడ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. తన వైపు పడుకుంటే నిద్ర పట్టటం లేదని ఆయన అత్తగారి వైపు పడుకోవటం మొదలెట్టాడు. అదిగో, అప్పుడు ఇనుము కనిపించింది.

ఇనుముతో ఆగలేదు. మర్నాడు రాగి, ఆ తర్వాత సీసం, సబ్బు, సుద్దముక్క, నా చెప్పు. ఏది పట్టుకుని పడుకున్నా అదే ఆకారం. "ఒక్కటేనయ్యా! లోకమంతా ఒక్కటే!" అంటూ ఇల్లంతా తిరిగాడు. ఆ రోజు రెండు పూటలా మారు వడ్డించుకుని తిన్నాడు. మా ఆవిడ ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళైందో, నాకూ సంతోషంగానే ఉంది.

చిక్కంతా ఆయన నన్ను ఆ ఆకారం తీగతో చేసి పెట్టమన్నప్పుడు వచ్చింది.

"ఇలా కింద వెడల్పుగా మొదలవుతుంది. చుట్టూ తిరుగుతూ నడుం దగ్గర సన్నబడుతుంది. మళ్ళీ వెడల్పవుతుంది. పైన కొస మెలి తిరిగి, చుట్టుకి ముడిపడి ఉండాలి గానీ, ముడి ఊడి పైకి లేచింది. ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. చెయ్యగలవా?"

చెయ్యగలనా! నేను రోజూ చేసేది అదే. చుట్టటం అయ్యాక బల్ల మీద పెట్టి, నిదానంగా చెప్పాను.

"మామయ్యగారూ, ఇది పరుపు స్ప్రింగండీ."

ఆయన నన్ను జాలిగా చూశాడు. "నీ తప్పు కాదులే. పరుపులు కుట్టేవాడికి లోకమంతా పరుపులాగే కనిపిస్తుంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. పుచ్చిపోయిన అణువుని చూసిన పళ్ళ డాక్టర్ని ఈ మాట అనలేదు. బొత్తాల దర్జీని అనలేదు. దొరికింది నేను! లేచి ఆ పరుపు దుప్పటి లాగి చూపించేద్దామని బయల్దేరాను. గదిలో మా ఆవిడ ఆయన వీపుకి రాసే మందు పట్టుకుని నిలబడి ఉంది.

"నాన్న నడుం మీద ఎర్రగా గుండ్రంగా అచ్చు పడింది, చూశారా?" అంది మెల్లిగా. "నాకూ తెలుసు అది ఏమిటో. నేనూ పరుపులవాడి పెళ్ళాన్నే."

"మరి చెప్పవేం?"

"అన్నం తింటున్నాడండీ" అంది.

మందు సీసా మూత బిగించి షాపుకి వెళ్ళిపోయాను.

రెండో పరీక్ష తేదీ పడింది. పళ్ళ కుర్చీలో చూపు తిరగదు, తన పడక మీదే తిరుగుతుంది అని మామగారు సంఘానికి కబురు పెట్టాడు. సంఘం తర్జనభర్జన పడి, పడకని తెచ్చుకోవచ్చని ఒప్పుకుంది. ఇక మోసేది ఎవరు? నేనూ దర్జీ. మందుల షాపు పక్కనుంచి పైకి పోయే మెట్లు సన్నగా ఉంటాయి, మధ్యలో మలుపు. ఆ మలుపులో పరుపు ఇరుక్కుంది. నేను కింద, దర్జీ పైన, మధ్యలో పరుపు. దర్జీ మెడలోంచి టేపు తీసి గోడనీ పరుపునీ కొలిచి, "పట్టదండీ, రెండంగుళాలు లోపలికి కుట్టాలి" అన్నాడు. పైనుంచి మందుల షాపావిడ "వాల్చండి, కాదు నిలబెట్టండి, అయ్యో కాదు, వంచండి" అంటూ తైతక్కలాడించింది. ఆఖరికి వంచి, తిప్పి, తోసి, చెమటలు కక్కుకుంటూ లోపల పడేశాం. పళ్ళ కుర్చీకీ చేతులు కడుక్కునే తొట్టికీ మధ్య అది సరిగ్గా పట్టింది.

మా ఆవిడ గోడ పక్క స్టూలు మీద కూర్చుంది. మామగారు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. సొంత పెళ్ళికి కూడా అంత బిగుసుకుని కూర్చుని ఉండడు. పళ్ళ డాక్టరు ఒక చిన్న వెండి ముక్క ఆయన పిడికిట్లో పెట్టాడు. ఆయన ఎడమవైపు వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. తొట్టిలో కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

"ఏమైనా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఇంకా లేదు."

కాసేపయ్యింది. "ఇప్పుడు?"

"మెత్తగా ఉంది" అన్నాడు మామగారు.

నాకు వెలిగింది. మెట్ల మలుపులో తిప్పినప్పుడు తలవైపు కాళ్ళవైపుకి వచ్చింది. ఇప్పుడు ఆయన పడుకున్నది తన సొంత వైపు. స్ప్రింగు అటు పక్క ఉంది. నిజం చెప్పాలంటే, నాకు హాయిగా అనిపించింది. ఇంకాసేపు నేను నోరు మూసుకుంటే ఈ గోల ఇవాళ్టితో వదిలిపోతుంది. దర్జీ అప్పుడే గొంతు సవరించుకుంటున్నాడు. పళ్ళ డాక్టరు విచారంగా గడ్డం నిమురుకుంటున్నాడు. అప్పుడు మామగారి చెయ్యి చూశాను. వెండి ముక్క ఇంకా పిడికిట్లోనే ఉంది. ఎంత గట్టిగా బిగించాడో, వేళ్ళు తెల్లబడ్డాయి. మా ఆవిడ నా వంకే చూస్తోంది.

"మామయ్యగారూ, కొంచెం అటు జరగండి" అన్నాను.

"బయటివాళ్ళు మాట్లాడకూడదు" అన్నాడు పళ్ళ డాక్టరు.

"ఆయనకి గాలి తగలటం లేదండీ" అన్నాను. గదిలో ఫ్యానే లేదు.

ఆయన జరిగాడు. మరుక్షణం ఎగిరిపడి, "మేలుకుంది! వెన్ను మేలుకుంది!" అని అరిచాడు. ఆపైన ధార కట్టింది. కింద వెడల్పు, నడుం సన్నం, పైన వెడల్పు, ఊడిన ముడి, ఒరుగు, అన్నీ చెప్పాడు. మా ఆవిడ సంచీలోంచి నా తీగ బొమ్మ తీసి బల్ల మీద పెట్టింది. పళ్ళ డాక్టరు మామగారి చొక్కా పైకెత్తి, నోట్లోకి చూసే చిన్న అద్దంతో నడుం మీది అచ్చు చూశాడు.

"ముద్ర పడింది" అన్నాడు.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది. దర్జీకి అనుమానం. తనూ ఒకసారి పడుకుంటానన్నాడు. పడుకున్న మరుక్షణం "అమ్మో! నాకూ!" అన్నాడు. చిల్లుల అణువుని అక్కడికక్కడే వదిలేశాడు. పళ్ళ డాక్టరు తెల్లకోటు విప్పి పడుకుని, లేచి, వేర్ల సంగతి తను పొరబడ్డానని కళ్ళ నీళ్ళతో ఒప్పుకున్నాడు. ఒకరి అణువుని ఒకరు ఒప్పుకోని మనుషులు కావలించుకున్నారు. పదార్థం సంగతి ఇవాళ్టికి తేలిపోయింది, ఇక ప్రపంచానికి ఎలా చెప్పాలన్నదే మిగిలిందని పళ్ళ డాక్టరు అన్నాడు. మామగారు గోడకి ఆనుకుని పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి, పోనీ, లోకం స్ప్రింగులతోనే చేశారని నేనూ ఒప్పేసుకుందామనుకున్నాను. ఎవరికి నష్టం?

ఆఖరున మందుల షాపావిడ పడుకుంది. చెప్పులు విప్పి, బట్టలు సర్దుకుని, కళ్ళు మూసుకుంది. కాస్త కదిలి, మొహం చిట్లించి అంది.

"అవునండీ. ఇదిగో, ఇక్కడ, నడుం కింద. ఏదో గుచ్చుతోందండీ."

మామగారి నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం మారిపోయాయి. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు పరుపు వైపు చూశాడు. మెల్లిగా వచ్చి, "కొంచెం లేవండమ్మా" అన్నాడు. ఆవిడ లేచింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి ఆ చోట పెట్టి నొక్కాడు. చాలాసేపు తియ్యలేదు.

"అల్లుడూ, అది పరుపు స్ప్రింగేనా?"

నేను మా ఆవిడ వంక చూశాను. తను తల దించుకుంది.

"అవునండీ."

"ఎప్పట్నుంచి ఉందంటావు?"

"విప్పితే గానీ తెలీదు మామయ్యగారూ."

"అయితే ఇంటికి తీసుకెళ్ళి విప్పు."

పళ్ళ డాక్టరు గగ్గోలు పెట్టాడు. "విప్పటమా! దర్శనం చెదిరిపోతుందండీ! స్ప్రింగైతే మాత్రం ఏం, పరమాణువు ఏ రూపంలోనైనా కనిపించవచ్చు. ఇది ఇక్కడే ఉండనివ్వండి. నాలుగో చోటు మీదే, జన్మంతా మీదే" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. దర్జీ అప్పటికే నాలుగో ద్రష్ట కూర్చునే కుర్చీకి మామగారి పేరు కుట్టిన గుడ్డ తొడుగుతున్నాడు. ముందే కుట్టి తెచ్చుకున్నాడు పాపం.

మామగారు చెయ్యి విడిపించుకుని, కోపం లేకుండా, "వద్దండీ. అది మా ఆవిడ పక్క" అన్నాడు.

పరుపు దిగేటప్పుడు మలుపులో ఇరుక్కోలేదు.

మర్నాడు పొద్దున్నే షాపులో, పెద్ద బల్ల మీద వేశాను. మామగారూ మా ఆవిడా ఎదురుగా నిలబడ్డారు. అంచు కుట్టు చూస్తే, ఒక జానెడు మేర దారం వేరే ఉంది. చేతి కుట్టు, విప్పి మళ్ళీ కుట్టి, విప్పి మళ్ళీ కుట్టినట్టు ఎన్నో బెజ్జాలు. కత్తెర పెట్టి విప్పి లోపల చెయ్యి పెట్టాను. దూది ఎప్పుడో పక్కకి జారిపోయింది. దాని చోట మడతపెట్టిన తువ్వాలు దొరికింది, మధ్యలో చిరిగి చిల్లు పడింది. దాని కింద మామగారి ఖాకీ యూనిఫారం చొక్కా మడత, అదే చోట చిల్లు. దాని కింద ఒక దిండు గలీబు. ఇలా ఒకదాని మీద ఒకటి ఆవిడ పెట్టుకుంటూ పోయింది, స్ప్రింగు పొడుచుకుంటూ వచ్చింది. అన్నిటికన్నా అడుగున ఒక చిన్న గౌను, పసుపురంగు మీద తెల్ల చుక్కలు.

మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది నాదే" అంది. "ఒకటో క్లాసులో వేసుకునేదాన్ని."

మామగారు ఆ గౌను తీసుకుని, చిల్లులోంచి వేలు పెట్టి చూశాడు. ఆ తర్వాత చొక్కా, తువ్వాలు, గలీబు, ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంటూ స్టూలు మీద కూలబడిపోయాడు.

"ఖాళీ అన్నానయ్యా దానితో" అన్నాడు. "ఖాళీ ఎలా గుచ్చుతుందీ అన్నాను."

నేను పట్టకారు తీసుకుని పనిలో పడ్డాను. స్ప్రింగు పీకి కొత్తది వేసి, ముడి బిగించి, దూది దట్టంగా పరిచి, కుట్టేశాను. నా జీవితంలో అంత జాగ్రత్తగా ఏ పరుపూ కుట్టలేదు. మధ్యాహ్నం దర్జీ వచ్చాడు. కనీసం ఆ అణువునైనా ఇవ్వమని సంఘం తరఫున బతిమాలాడు. మామగారు ఇవ్వనన్నట్టు తల అడ్డంగా ఊపాడు. హోటలు పరుపులోంచి తీసిన స్ప్రింగు ఒకటి ఇచ్చి పంపాను. ఇప్పుడది క్లినిక్కులో గాజు పెట్టెలో ఉంది. పన్ను పీకించుకోవటానికి వెళ్ళినవాళ్ళంతా దాన్ని చూస్తూ నోరు తెరుస్తారట.

సాయంత్రం పరుపు ఇంటికి తెచ్చి మంచం మీద వేశాం. తలవైపు తలకే వచ్చిందో లేదో నేను రెండుసార్లు చూసుకున్నాను. మా ఆవిడ ఉతికిన దుప్పటి పరిచింది. మామగారు చుట్టూ తిరిగివచ్చి తన వైపు కూర్చున్నాడు. చెయ్యి చాపి, రెండో వైపు అరచేత్తో అక్కడా ఇక్కడా నొక్కి చూశాడు. తూనికల ఇన్‌స్పెక్టరుగా ఉన్న రోజుల్లో త్రాసు పళ్ళేన్ని అలాగే నొక్కి చూసేవాడట.

"ఇప్పుడు గుచ్చటం లేదు" అన్నాడు.

మాతో కాదు. మా ఆవిడ అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.